కలిసినవి విడిపోయే చోటు

ఛాలెంజర్ అనే బ్రిటిష్ నౌక 1872 డిసెంబరులో బయల్దేరి మూడున్నరేళ్ల పాటు మహాసముద్రాలు చుట్టింది. 1876 మేలో ఇంగ్లండుకు తిరిగి వచ్చేటప్పుడు అది వింత జలచరాలతో పాటు సీసాల్లో పట్టి బిరడా బిగించిన సముద్రపు నీళ్లను కూడా మోసుకొచ్చింది. రకరకాల చోట్ల, రకరకాల లోతుల్లో పట్టిన నీళ్లవి. వాటిలో 77 నమూనాలు గ్లాస్గోలో పనిచేస్తున్న విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి చేతికి వచ్చాయి. ఆయన ఏళ్ల తరబడి వాటిని పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. నమూనాల్లో మొత్తం ఉప్పదనం హెచ్చుతగ్గులుగా ఉంది. కానీ కరిగి ఉన్న పదార్థాల మధ్య పాళ్లు మాత్రం ఎక్కడి నీటిలోనైనా దాదాపు ఒకటే. కరిగిన లవణం 100 గ్రాములు తీసుకుంటే క్లోరైడు సుమారు 55 గ్రాములు, సోడియం 30.6, సల్ఫేటు 7.7, మెగ్నీషియం 3.7, కాల్షియం, పొటాషియం ఒక్కో గ్రాము పైచిలుకు.

ఇక్కడ మంచి చిక్కు ప్రశ్న ఒకటి పుడుతుంది. పదార్థంలో అంశాల పాళ్లు ఎప్పుడూ మారకపోతే అది సంయోగ పదార్థం అని బడిలో చదువుకున్నాం. స్థిరానుపాత నియమం చెప్పేది అదే. ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ ప్రౌస్ట్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ మాట చెప్పినప్పుడు ఆనాటి పెద్ద శాస్త్రజ్ఞుడు బెర్తొలే ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్య వాదం ఏళ్ల తరబడి నడిచింది. చివరికి ప్రౌస్ట్ మాటే నిలిచింది. మరి సముద్రపు నీటిలో పాళ్లు మారనప్పుడు దాన్ని కూడా శుద్ధ పదార్థం అనవచ్చా?

అనకూడదు. డిట్మార్ చూసిన స్థిరత్వం లవణాల మధ్య మాత్రమే, నీటికీ లవణాలకూ మధ్య కాదు. సగటున కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలుంటే, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వచ్చి కలిసే ఉత్తర బంగాళాఖాతంలో వానల తర్వాత పైపొర నీటిలో అది 30 గ్రాములకంటే కిందికి దిగుతుంది. లవణాల మధ్య పాళ్లు కూడా కుదరడానికి కారణం రసాయన బంధం కాదు, సముద్రం వయసు. సముద్రాలు ఒకదానితో ఒకటి కలగలిసిపోవడానికి వెయ్యేళ్లో రెండు వేల ఏళ్లో పడుతుంది. సోడియం, క్లోరైడు వంటివి సముద్రంలో చేరాక కోట్ల ఏళ్లు అందులోనే ఉంటాయి. అంతకాలం కలియబెట్టిన దానిలో పాళ్లు సమానం కాక ఏమవుతాయి? సముద్రంతో సంబంధం తెగిపోయిన మృత సముద్రంలో ఈ పాళ్లు బొత్తిగా వేరు. అక్కడ సోడియంను మెగ్నీషియం మించిపోయింది.

ఉప్పు సంగతి ఇలా కాదు. సోడియం క్లోరైడు ఎక్కడ పుట్టినా, గుజరాత్ తీరంలో పండినా, పాకిస్తాన్‌లోని ఖ్యూరా గనిలో తవ్వినా, ప్రయోగశాలలో ఆమ్లం, క్షారం కలిపి చేసినా, 100 గ్రాములకు సోడియం 39.3 గ్రాములే ఉంటుంది. 801 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. శుద్ధ పదార్థాన్ని గుర్తుపట్టడానికి రసాయన శాస్త్రంలో మొదటి పరీక్ష ఇదే. కరిగేటప్పుడు, మరిగేటప్పుడు దాని ఉష్ణోగ్రత ఒకచోట నిలబడుతుంది. మామూలు పీడనంలో మంచినీరు 100 డిగ్రీల దగ్గర మరగడం మొదలుపెట్టి ఆఖరి చుక్క ఆవిరయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఉప్పునీటిని మరిగించి చూడండి. 100 దాటాకే మొదలై, నీరు ఇగిరేకొద్దీ పైకి పాకుతూ, ఉప్పు ఇక కరగలేని స్థితికి వచ్చేసరికి 108 దాటుతుంది. థర్మామీటరులో పాదరసం నిలబడకుండా జరుగుతోందంటే లోపల ఒకటి కంటే ఎక్కువ పదార్థాలున్నాయన్నమాట.

సముద్రపు నీటిని విడదీసే పనిని కళ్లారా చూడాలంటే ఎండాకాలంలో శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపో, బాపట్ల జిల్లా చినగంజాం వైపో వెళ్లాలి. బయటివాళ్లకు ఉప్పు మడి అంటే నీరు ఎండిపోతే ఉప్పు మిగిలే చోటు. ఉప్పు రైతు పని అంత తేలికైతే సముద్రం పక్కన ఏ గుంటలో నీళ్లు పట్టినా వంటకు పనికొచ్చే ఉప్పు దొరకాలి. దొరకదు. లీటరు సముద్రపు నీటిని చుక్క మిగలకుండా ఎండబెడితే సుమారు 36 గ్రాముల పొడి వస్తుంది. అందులో మనం తినే ఉప్పు 27, 28 గ్రాములే. తక్కినది సున్నపురాయి, జిప్సం, మెగ్నీషియం లవణాలు, కాస్త పొటాషియం లవణం. నాలుక మీద వేసుకుంటే ఉప్పన తర్వాత చేదు తగులుతుంది.

ఈ లవణాలు ఏ వరసలో బయటపడతాయో 1849లో ఉసిగ్లియో అనే శాస్త్రజ్ఞుడు మధ్యధరా సముద్రపు నీటిని నెమ్మదిగా ఆవిరి చేసి చూశాడు. నీరు సగానికి తగ్గేసరికి కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయి పదార్థం, అడుగుకు దిగింది. ఐదో వంతుకు తగ్గాక జిప్సం మొదలైంది. పదో వంతుకు వచ్చాక గానీ ఉప్పు స్ఫటికాలు కనిపించలేదు. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చివరిదాకా నీటినే అంటిపెట్టుకుని ఉన్నాయి. తక్కువ కరిగేది ముందు దిగిపోతుంది, ఎక్కువ కరిగేది ఆఖరున దిగుతుంది. కథంతా కరిగే గుణంలో ఉన్న తేడాదే.

ఉసిగ్లియో గాజుపాత్రలో చూసిన దాన్ని ఉప్పు రైతు నేల మీద పరుస్తాడు. పాయల నుంచి వచ్చిన నీరు ముందు పెద్ద చెరువుల్లాంటి మడుల్లో నిలుస్తుంది. ఒండ్రు అక్కడ పేరుకుంటుంది. అక్కడి నుంచి ఒక మడి తర్వాత ఒక మడిగా నీటిని ముందుకు వదులుతారు. ప్రతి మడిలో నీరు మరికొంత చిక్కబడుతుంది. చిక్కదనాన్ని బామే డిగ్రీల్లో కొలుస్తారు. హైడ్రోమీటరు అనే గాజు గొట్టాన్ని నీటిలో తేలేస్తే అది ఎంత మునిగిందో చూసి అంకె చదువుకోవడమే. సముద్రపు నీరు 3 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. సున్నం, జిప్సం దిగిపోయేది మధ్య మడుల్లో. నీరు 25 డిగ్రీలకు చేరే వేళకు దాన్ని ఆఖరి మడికి మళ్లిస్తారు. తొక్కి గట్టిపరిచి చదును చేసిన నేల అది.

అక్కడ మడి గట్టు మీద కూర్చుని కాసేపు ఓపిగ్గా చూడాలి. నీటి మీద ముందు సన్నని మీగడలాంటి పొర కడుతుంది. దగ్గరికి వంగితే అది పొర కాదనీ, చిన్న చిన్న చదరపు రేకులు పక్కపక్కన తేలుతున్నాయనీ తెలుస్తుంది. ఒక్కో రేకు అంచుల వెంట పెరుగుతూ మధ్యలో గుంటపడి, తలకిందులైన పిరమిడ్ ఆకారం తెచ్చుకుంటుంది. బరువు మోయలేనంత పెరిగాక మునిగిపోతుంది. అడుగున మిగతావాటితో కలిసి గడ్డకడుతుంది. సోడియం, క్లోరైడు అయాన్లు ఘనాకారంలో వరసలు కట్టడం వల్లే ఆ చదరాలు. ఆ వరసలో మెగ్నీషియం ఇమడదు. స్ఫటికం పెరిగేకొద్దీ తనకు సరిపడని అయానును బయటికి నెట్టేస్తుంది. రసాయన శాస్త్రం కనిపెట్టిన శుద్ధి పద్ధతులన్నిటిలోనూ నాకు అందమైనదిగా తోచేది స్ఫటికీకరణే. పదార్థం తన ఆకారం తానే కట్టుకుంటూ తనను తానే శుభ్రం చేసుకుంటుంది.

ఉప్పు రైతు నేర్పంతా ఆగడంలో ఉంది. చిక్కదనం 29, 30 డిగ్రీలకు వచ్చిందంటే మిగిలిన నీటిలో మెగ్నీషియం పాలు బాగా పెరిగిపోయిందని అర్థం. ఇంకా ఎక్కువ ఉప్పు వస్తుందన్న ఆశతో ఆ నీటిని కూడా ఎండనిస్తే చేదు లవణాలు దిగి పండిన ఉప్పంతా పాడవుతుంది. అందుకే ఆ చేదునీటిని బయటికి వదిలేసి, చెక్క దంతెలతో ఉప్పును గట్టుకు లాగుతారు. వేరుచేయడంలో సగం పని ఎంత తీసుకోవాలో తెలుసుకోవడం, తక్కిన సగం ఎక్కడ వదిలేయాలో తెలుసుకోవడం.

అయినా కొంచెం చేదునీరు స్ఫటికాల మధ్య సందుల్లో చిక్కుకుని ఎండిపోతుంది. వానాకాలంలో కల్లుప్పు జాడీలో నీళ్లు ఊరడానికి ఎక్కువ భాగం ఇదే కారణం. శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలో తేమ 75 శాతం దాటితేగానీ నీటిని పీల్చుకోదు. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. దీన్ని కడగాలంటే ఎలా? మంచినీళ్లు పోస్తే మురికితో పాటు ఉప్పూ కరిగిపోతుంది. ఉప్పు శుద్ధి చేసే మిల్లుల్లో ఉప్పును ఉప్పునీటితోనే కడుగుతారు. ఇక ఒక్క పలుకు ఉప్పు కూడా కరగలేనంత చిక్కని ఉప్పునీరు అది. సోడియం క్లోరైడును ముట్టుకోలేదు, మెగ్నీషియం క్లోరైడును మాత్రం కరిగించి పట్టుకుపోతుంది. ఇంత సులువైన, ఇంత తెలివైన ఉపాయం మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు చోటు చేసుకోలేదో అర్థం కాదు.

పారబోసే చేదునీరు కూడా వట్టిది కాదు. ఫ్రాన్సులోని మోంపెలియే దగ్గర ఉప్పు మడుల్లో మిగిలిన అలాంటి నీటి మీదే ఆంత్వాన్ బలార్ అనే యువకుడు పనిచేశాడు. అందులోకి క్లోరిన్ పంపితే ముదురు ఎరుపు ద్రవం ఒకటి వచ్చింది. ఘాటైన వాసన. 1826లో దాన్ని కొత్త మూలకంగా ప్రకటించినప్పుడు ఆయనకు ఇంకా 24 ఏళ్లు నిండలేదు. అదే బ్రోమిన్. సముద్రపు నీరు లీటరులో ఉండేది 65 మిల్లీగ్రాములే. వేల ఏళ్లుగా ఉప్పు పండించినవాళ్లందరి కాళ్ల కిందుగా పారిపోయిన మూలకం అది.

వేరుచేసే పద్ధతులు ఎన్ని ఉన్నా అడగాల్సిన ప్రశ్న ఒకటే. కలిసి ఉన్న ఈ రెండింటికీ ఏ గుణంలో తేడా ఉంది? రేణువు పరిమాణంలో తేడా ఉంటే వడపోత, జల్లెడ. బరువులో తేడా ఉంటే చేట, కవ్వం, సెంట్రిఫ్యూజి. వేడికి ఒకటి తిన్నగా ఆవిరై మరొకటి మిగిలితే, కర్పూరంలో ఉప్పు కలిసినప్పటిలా, ఉత్పతనం. ఇవన్నీ తెలిసినవే. వరద గోదావరి నీటి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అందులోని బంకమట్టి రేణువులు ఎంత సన్నవంటే గుడ్డలో వడపోసినా దాటిపోతాయి, రోజుల తరబడి నిలవబెట్టినా దిగవు. రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది కనుక ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ తేలుతుంటాయి. పటిక తిప్పితే అందులోని అల్యూమినియం ధనావేశం ఆ వికర్షణను చంపేస్తుంది. రేణువులు గుంపులుగా చేరి దిగిపోతాయి. పూర్వం కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవారు. ఆ గింజలోని పొడవాటి అణువులు మట్టి రేణువులను పట్టి ముడివేస్తాయి. ఇక్కడ ఉపయోగపడినవి విద్యుదావేశం, రేణువులు ఒకదాన్నొకటి అంటుకునే గుణం.

తేడా ఎంత చిన్నదైతే పని అంత పెద్దదవుతుంది. మేరీ క్యూరీ చేసింది ఇదే. పిచ్‌బ్లెండ్ ఖనిజంలో రేడియం ఉందని 1898 డిసెంబరులో ప్రకటించారు గానీ దాన్ని చూసినవారు లేరు. రేడియం క్లోరైడు, బేరియం క్లోరైడు అన్ని విషయాల్లోనూ ఒకదానిలా మరొకటి ప్రవర్తిస్తాయి. ఉన్న తేడా అల్లా రేడియం లవణం నీటిలో కాస్త తక్కువ కరగడమే. అందుచేత ద్రావణాన్ని చిక్కబరిచినప్పుడు మొదట వచ్చే స్ఫటికాల్లో రేడియం పాలు కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఆ స్ఫటికాలను మళ్లీ కరిగించి, మళ్లీ స్ఫటికీకరించి, మళ్లీ మళ్లీ. పారిస్‌లో పైకప్పు కారే పాకలో, టన్నుల కొద్దీ ఖనిజపు వ్యర్థంతో మొదలుపెట్టి, 1902 నాటికి ఆమె చేతికి వచ్చింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడు. దారి తప్పలేదని ప్రతి దశలోనూ చెప్పింది విద్యుత్ మాపకం. స్ఫటికాల రేడియోధార్మికత పెరుగుతూ పోయింది. నౌపడ మడిలో జరిగే పనికీ ఆ పాకలో జరిగిన పనికీ సూత్రం ఒకటే.

మరిగే స్థానాల తేడాతో పనిచేసేది స్వేదనం. దీనిలో ఒక మోసం పొంచి ఉంది. సారా కాచినట్టు పులిసిన ద్రవాన్ని మళ్లీ మళ్లీ స్వేదనం చేస్తూ పోతే ఆల్కహాలు పాలు పెరుగుతుంది. బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ మిశ్రమం 78.2 డిగ్రీల దగ్గర స్థిరంగా, అచ్చం శుద్ధ పదార్థంలా మరుగుతుంది. ఆవిరిలోనూ ద్రవంలోనూ పాళ్లు ఒకటే కావడంతో ఇక విడిపోదు. థర్మామీటరును నమ్ముకున్నవాడు ఇదేదో సంయోగ పదార్థమనుకుంటాడు. పీడనం మార్చి చూస్తే గుట్టు బయటపడుతుంది. పీడనంతో పాటు ఆ పాళ్లూ మారతాయి. సంయోగ పదార్థమైతే మారవు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌లో నీరు ఉండకూడదు కనుక కర్మాగారాల్లో మిగిలిన ఆ నాలుగు శాతాన్ని జియోలైట్ గుళికలతో తీస్తారు. వాటి రంధ్రాల్లో నీటి అణువు దూరగలదు, ఇథనాల్ అణువు దూరలేదు. మరిగే స్థానం మొండికేసిన చోట అణువు పరిమాణం పనికొచ్చింది.

గాలి విషయంలో శాస్త్రలోకమే వందేళ్లు మోసపోయింది. ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడు తీసేస్తే మిగిలేది నత్రజని అని అందరూ నమ్మారు. ఇంగ్లండులో లార్డ్ రాలీ వాయువుల సాంద్రతను ఎంతో జాగ్రత్తగా తూచేవాడు. గాలి నుంచి తీసిన నత్రజని లీటరు 1.2572 గ్రాములు తూగింది. అమ్మోనియా వంటి రసాయనాల నుంచి తీసినది 1.2505. తేడా అర శాతం. ఇంకొకరైతే తూనికలో పొరపాటని వదిలేసేవారు. రాలీ వదల్లేదు. 1892లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి, దీనికి కారణం ఎవరికైనా తోస్తే చెప్పమన్నాడు.

ఆ చిక్కును అందుకున్న మరో శాస్త్రజ్ఞుడు విలియం రామ్సే గాలి నత్రజనిని ఎర్రగా కాలిన మెగ్నీషియం మీదుగా పదేపదే పంపాడు. నత్రజని మెగ్నీషియంతో కలిసి నైట్రైడుగా మారింది. ఏ పదార్థంతోనూ కలవని వాయువు కొంచెం మిగిలింది. నత్రజని కంటే బరువైనది. వర్ణపటంలో ఎవరూ ఎరుగని గీతలు. 1894 ఆగస్టులో ఇద్దరూ కలిసి కొత్త వాయువును ప్రకటించారు. అదే ఆర్గాన్. గాలిలో దాదాపు ఒక శాతం అదే. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 260 లీటర్ల ఆర్గాన్ ఉంటుంది. 1785లోనే హెన్రీ కావెండిష్ తన ప్రయోగంలో ఎంతకీ లొంగని బుడగ మిగిలిందనీ, అది నత్రజనిలో 120వ వంతుకు మించదనీ రాసిపెట్టాడు. ఆ వాక్యాన్ని వందేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు.

1898లో రామ్సే, మోరిస్ ట్రావర్స్ కలిసి ద్రవీకరించిన గాలిని, ఆర్గాన్‌ను అంశిక స్వేదనం చేసి క్రిప్టాన్, నియాన్, జినాన్‌లను కూడా పట్టుకున్నారు. ఆ ట్రావర్సే తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి డైరెక్టరుగా వచ్చాడు. ద్రవ గాలిలో నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆర్గాన్ మైనస్ 186 దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఉక్కు కర్మాగారాల ఆక్సిజన్ ప్లాంట్లు నడిచేది ఈ కొద్ది డిగ్రీల తేడా మీదే. 2021 ఏప్రిల్‌లో ఆస్పత్రుల్లో ఊపిరి అందక జనం అల్లాడుతున్నప్పుడు దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ట్యాంకర్లు నింపుకొన్నది విశాఖ ఉక్కు కర్మాగారంలోనే.

తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. వేరుచేసే పద్ధతుల పేర్లు వరసగా రాయమని పరీక్షలో అడగడం మానండి. పిల్లల చేత గుప్పెడు కల్లుప్పు తెప్పించండి. మంచినీటిలో కరిగించి, వడపోసి, వెడల్పు పళ్లెంలో ఎండకు పెట్టించండి. స్ఫటికాలు బాగా దిగి నాలుగైదు చెంచాల నీరు మిగిలిన రోజున ఆ నీటిని ఇంకో పళ్లెంలోకి వంపి విడిగా ఎండనివ్వమనండి. తర్వాత ఆ పొడినీ, ఈ స్ఫటికాలనూ పక్కపక్కన మూతలేకుండా ఉంచి, ఏది ముందు చెమ్మగిల్లుతుందో, ఎందుకో వాళ్లనే రాయమనండి.